కయోటీ తోక నాలుగోసారి

జనవరిలో ఒక శనివారం పొద్దున డెల్విన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చెరువుల్లో చేపపిల్లలకు మేత వేయడం, గ్రంథాలయానికి వెళ్ళి కయోటీ అనే జిత్తులమారి నక్క కథ ఒక్కటి టైపు చేసి అక్కడి వెబ్‌సైట్లో పెట్టడం, భోజనానికి ఇంటికి చేరడం. నూరేళ్ళ కిందట ఒక తెల్లదొర మెస్కలేరో అపాచీ తెగ ముసలాయన పక్కన కూర్చుని వాళ్ళ భాషలోనే రాసుకుని అచ్చు వేయించిన పుస్తకం అది. హక్కుల గడువు ఎప్పుడో తీరింది కనుక ఎవరైనా పెట్టుకోవచ్చు. బయట మోకాటి లోతు మంచు ఉంది, పాములన్నీ నిద్రలో ఉన్నాయి, కనుక పాములు మేలుకున్న రోజుల్లో చెప్పకూడని కయోటీ కథలకు ఇప్పుడు అడ్డూ లేదు. జూలైలో కూతురు కార్లీన్‌కు పెద్దమనిషి వేడుక. ఆలోగా పిల్ల తన భాషలో నాలుగు ముక్కలు చదివితే చాలునని అతని ఆశ.

ఎత్తిరాసేవాడికి పేరెందుకని, కింద "గుమాస్తా" అని సంతకం చేశాడు.

సాయంత్రానికి "కొండమీది పొగ" అనే పేరుతో ఒక జవాబు వచ్చింది.

"కయోటీ తన తోకని మంటలో మూడుసార్లే పెట్టాడా? నాలుగోసారి ఏది? తినేశావా?"

అపాచీ కథలో ఏ పనైనా నాలుగుసార్లు జరగాలి. ఆ సంగతి డెల్విన్‌కూ తెలుసు, కానీ పుస్తకంలో ఉన్నవి మూడే. "అచ్చులో మూడే ఉన్నాయండీ. నాలుగోది నేను పుట్టించలేను" అని మర్యాదగానే రాశాడు.

"అచ్చుకి ముందు నోరుండేది బాబూ. దొర ప్రశ్నలతో విసుగెత్తి ఆ ముసలాయన మూడుకే లేచిపోయి ఉంటాడు. ఆ మాత్రం తెలీనివాడివి ఎత్తిరాయడానికి ఎందుకు కూర్చున్నావు?"

ఇంత తెలిసినట్టు మాట్లాడేవాడు ఏదో దూరపు విశ్వవిద్యాలయంలో పనిలేని ప్రొఫెసరే అయి ఉంటాడని డెల్విన్ తీర్మానించుకున్నాడు. అలా తీర్మానించుకున్నాక అతనికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "కుర్చీకి వేళ్ళు దిగిన ప్రొఫెసర్ గారూ, తమరు ఎప్పుడైనా మా ఇళ్ళల్లో ఒక్క పూట తిన్నారా?" అని అడిగాడు.

రెండో వారానికి కథను వదిలేసి అందరూ తగాదానే చదవసాగారు. కిరాణాకొట్లో జనం రెండు పక్షాలుగా చీలిపోయారు. గ్రంథాలయం చూసుకునే హార్లన్‌కు ఆనందం పట్టలేదు. ఆరేళ్ళుగా పదకొండు మందే చదివిన వెబ్‌సైట్‌ను ఇప్పుడు నాలుగు వేలమంది చదువుతున్నారు మరి.

మూడో వారం పొగ ఇలా రాసింది: "ఇంత పొగరుబోతుకి పిల్లనిచ్చిన మహాతల్లి ఎవరో గానీ, ఆవిడకి దణ్ణం పెట్టాలి."

డెల్విన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మహాతల్లి ఫిలొమీనా ఇల్లు అతని ఇంటికి నలభై అడుగుల దూరం. పందొమ్మిదేళ్ళుగా అల్లుడు అత్త ముఖం చూడలేదు, ఆవిడతో మాట్లాడలేదు. పోట్లాట ఏమీ లేదు, అపాచీ ఆచారంలో అల్లుడు అత్తకిచ్చే గౌరవం అది. ఆవిడ వస్తుంటే భార్య ఒర్లిండా బండి హారన్ మూడుసార్లు కొడుతుంది, ఇతను చాటుకు తప్పుకుంటాడు. ఒకరి సంగతులు ఒకరు ఆరా తీయడమూ మర్యాద కాదు. జూలై వేడుకలో నాలుగు రోజుల వంటకూ ఆవిడే పెద్ద. ఆవిడ గరిట పట్టకపోతే కార్లీన్ వేడుకే లేదు.

"ఆవిడ జోలికి రావద్దు" అని డెల్విన్ టైపు చేశాడు. "పందొమ్మిదేళ్ళు ఆవిడ చేతి కూడు తిన్నాను. చలికాలంలో నా పిల్లని ఒళ్ళో పెట్టుకుని పెంచింది. ఆవిడ ముందు మీ చదువు బలాదూరు."

 ఈ సందడి చల్లారకముందే హార్లన్ రంగంలోకి దిగాడు. శనివారం రెండింటికి గ్రంథాలయంలో గుమాస్తా, పొగ ముఖాముఖి అని ప్రకటించేశాడు. ఇద్దరూ వెనకాడలేదు.

గెలిచాక చెబుదామని డెల్విన్ ఇంట్లో చేపల మేతకని చెప్పి బయల్దేరాడు. గ్రంథాలయం కిటకిటలాడుతోంది. ముందు వరుసలో తెగ పెద్దలు, వెనక వేయించిన రొట్టెలు తింటూ కుర్రకారు. డెల్విన్ బల్ల దగ్గర కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

బయట హారన్ మూడుసార్లు మోగింది.

పందొమ్మిదేళ్ళ అలవాటు ఆలోచనకు తావివ్వలేదు. డెల్విన్ ఎగిరి వెనక గదిలో దూరి తలుపేసుకున్నాడు. చీపుర్ల మధ్య నిలబడ్డాక గానీ, ఆవిడకు ఇక్కడేం పని అన్న అనుమానం రాలేదు.

"పారిపోయాడ్రోయ్!" అని ఎవరో అరిచారు.

హార్లన్ బయటికి పరుగెత్తి, కాసేపటికి నెమ్మదిగా తిరిగొచ్చాడు. "పొగ గారు లోపలికి రారట" అన్నాడు. "గుమ్మం ముందు అల్లుడి బండి ఉందట."

 పెద్దలు తమ బూట్లను శ్రద్ధగా పరిశీలించారు. చీపుర్ల మధ్య డెల్విన్ తను రాసిన ఒక్కో తిట్టునూ గుర్తు చేసుకున్నాడు.

ఇంటికి వచ్చాక ఒర్లిండా నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది. "గుమాస్తావి నువ్వేనా?"

"నేనే."

"మా అమ్మని కుర్చీకి వేళ్ళు దిగాయన్నదీ నువ్వేనా?"

"నేను ప్రొఫెసర్‌ని అన్నాను గానీ, మీ అమ్మని కాదు."

"ఆ ప్రొఫెసరే మా అమ్మ! మనవళ్ళ ఫోటోలు చూసుకోమని టాబ్లెట్ కొనిస్తే ఈ పని పెట్టుకుంది. ఆవిడ అటు, నువ్వు ఇటు, మధ్యలో హారన్ కొట్టడానికి నేనూ!"

మూడు రోజులు అత్తగారింటి నుంచి కబురు లేదు.  డెల్విన్, కూతురి వేడుకను చేజేతులా పాడుచేశానన్న దిగులుతో, చేపలకు రెండుసార్లు మేత వేసి, అవి తినకపోతే వాటికీ దిగులేననుకున్నాడు.

నాలుగో రోజు ఒర్లిండా తల్లి దగ్గర్నుంచి వచ్చింది. "అమ్మ నీ రాతలన్నీ మళ్ళీ మొదట్నుంచి చదివింది."

"అన్నీనా?"

"అన్నీ. ఒకటి మాత్రం రెండుసార్లు."

"ఏది? వేళ్ళదా?"

"కాదు. ఆవిడ జోలికి రావద్దన్నది." ఒర్లిండా గొంతు మెత్తబడింది. "చదివి కళ్ళద్దాలు తుడుచుకుంది. జూలైకి పిండి ఇరవై బస్తాలు, కట్టెలూ ముందే తెప్పించమంది. వంట తనే చూసుకుంటుందట."

డెల్విన్ కుర్చీలో వెనక్కి వాలాడు. కళ్ళు చెమర్చాయి.

"ఇంకో మాట కూడా చెప్పమంది" అంది ఒర్లిండా, నవ్వు ఆపుకుంటూ. "ఆ గుమాస్తా ఎవడో తనకి తెలీదట. తెలుసుకోవాలనీ లేదట. వాడు రాస్తే తనూ రాస్తుందట. కానీ వాడికి పెద్దా చిన్నా లేదు, మా అల్లుడు మర్యాద తెలిసిన మనిషి, వెళ్ళి వాడికి నాలుగు చీవాట్లు పెట్టి రమ్మను అంది."

డెల్విన్ మర్నాడే గ్రంథాలయానికి వెళ్ళి, అచ్చులో ఉన్న మూడింటి కింద పొగ అడిగిన నాలుగోదీ ఆ పేరుమీదే చేర్చాడు. ఆ తర్వాత అత్తగారి మాట ప్రకారం గుమాస్తాకు గట్టిగా చీవాట్లు పెట్టాడు. వాడు మారుమాట్లాడకుండా తలవంచుకుని విన్నాడు.