మూత ఎత్తకూడని డ్రమ్ము

మా ఆవిడ వాడిన నీళ్లు పారబోస్తుంటే నా ప్రాణం గిలగిల్లాడిపోయేది. మీ దగ్గర దాపరికమెందుకు, నెల క్రితం దాకా నాకా బాధే లేదు. మా నీటి సరఫరా ఆఫీసులో వాడిన నీటిని శుద్ధి చేసే విభాగం కొత్తగా పెట్టారు. ముందు తన ఇంట్లో చేసి చూపినవాడికే అందులో చోటని, లేదంటే కొండ మీది పంపు హౌసుకి బదిలీ అని పెద్దసారు చెప్పాక మొదలైంది.

డ్రమ్ము కొని, ఇసుక, బొగ్గు, కంకర పొరలుగా పోసి, స్నానాల గది నీళ్లు అందులోకి మళ్లించాను.

"ఇది పనిచేస్తుందంటారా?" అంది మా ఆవిడ.

"ఇరవై ఏళ్లుగా నీళ్ల ఆఫీసులో ఉన్నాను."

"ఉన్నది టైపు సెక్షన్లో కదండీ."

"నెల దాకా మూత ఎత్తకు. లోపల సూక్ష్మజీవులు పనిలో ఉంటాయి."

"పోనీలెండి, ఇంట్లో ఇంకొకరు పనిచేసేవాళ్లు దొరికారు."

మూడు రోజులు డ్రమ్ము కుళాయిలో చుక్క రాలేదు, కంపు మాత్రం వచ్చింది. నాలుగో రోజు ఆఫీసు నుంచి వచ్చి తిప్పితే తేటనీళ్లు. "చూశావా?" అన్నాను. "చూశానండీ" అని తలూపింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఎదురు చెప్పకపోవడం అదే మొదలు. అప్పుడే అనుమానించాల్సింది.

నెల తిరక్కుండానే పెద్దసారును ఇంటికి పిలిచాను. కుళాయి తిప్పి గాజు గ్లాసు నింపి చూపించాను. ఆయన ముఖం విప్పారింది.

"పొరలు ఎలా వేశారో చూద్దాం."

"మూత ఎత్తకూడదండీ, సూక్ష్మజీవులు..."

ఆయన ఎత్తేశారు. లోపల పొడిగా రెండు దుప్పట్లు, వాటి నడుమ, నేను చేతికి తీసుకుంటే చాలు ఆవిడ చెవులు మూసుకునే నా వయొలిన్. దానికోసం మూడు వారాలుగా ఇల్లంతా వెతుకుతున్నాను. కొండ మీది పంపు హౌసు కళ్లముందు కనబడింది.

"మరి ఈ నీళ్లెక్కడివి?" అన్నారు పెద్దసారు.

మా ఆవిడ మమ్మల్ని స్నానాల గది గోడ వెనక్కి తీసుకెళ్లింది. "ఈయన పొరలు తలకిందులుగా వేశారు సార్. ఇసుక అడుగున, కంకర పైన. కుళాయి పూడిపోయి నీళ్లు స్నానాల గదిలోకే ఎదురు తన్నాయి. ఆ కంకరే కడిగి ఈ కాలవలో పరిచి మెట్టతామర నాటాను. నీళ్లు వేళ్లలోంచి ఊరి ఈ గొట్టంలోకి వస్తాయి. మిగిలింది నిమ్మచెట్టుకి."

ఎండిపోయిందని నేను వదిలేసిన నిమ్మచెట్టు నిండా చిగుళ్లు.

"మరి గొట్టం డ్రమ్ము కుళాయికి ఎందుకు తగిలించారమ్మా?"

"రోజూ తిప్పి మురిసిపోతుంటే చెప్పడానికి మనసొప్పలేదు సార్."

నాకు సిగ్గేసింది. దాని వెనకే ఆవిడ మీద ఎక్కడలేని ప్రేమా వచ్చింది.

పెద్దసారు చాలాసేపు నవ్వారు. "మీకు చోటు ఖాయం. కాకపోతే నెల రోజులు అమ్మగారి దగ్గర పని నేర్చుకుని రావాలి."

కొండ ఎక్కే పని తప్పింది. హమ్మయ్య అనుకుని అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

ఆయన వెళ్లగానే మా ఆవిడ గమేళా చేతికిచ్చింది. "ముందు కంకర కడగండి."

"అలాగే. మరి నా వయొలిన్?"

"మళ్లీ డ్రమ్ములోనే పెట్టాను. మూత ఎత్తకండి, ఇంకా నెల కాలేదు."