సూర్యారావు పాత ఫోను, కొత్త చావు

ఎలుకను ఏనుగు చేసి చెప్పే అలవాటు నాకు లేదు. భిలాయిలో ముప్ఫై ఏళ్ళుగా నన్నెరిగిన వాళ్ళెవరినైనా అడగండి, ఎలుకంటే ఎలుకే. కాబట్టి సూర్యారావు చచ్చిపోయిన సంగతి ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన మూడో ఏడు. సోమవారం, సూర్యారావుకి సెలవు రోజు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సుపేలాలో ఫోను కంపెనీ దుకాణానికి బయలుదేరాడు. జేబులో పక్క క్వార్టర్ డోర్కాస్ తమ్ముడి దగ్గర కొన్న పాత మొబైల్ ఉంది. ఇటుకంత బరువు. అది కిందపడితే నేల పగిలేది గానీ ఫోను పగిలేది కాదు. సరే, సబ్బుబిళ్ళంత అనుకోండి.

ఆ ఫోను ఎందుకో చెప్పాలి. పార్వతీపురంలో సూర్యారావు అప్ప, అంటే అక్క, తులసమ్మ ఉంది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. పదకొండేళ్ళ కిందట ఆవిడ కొడుకు రవిశంకర్ పెళ్ళికి ఇతను ఒక్కరోజు సెలవు మీద వెళ్ళి, తాళి కట్టగానే రైలెక్కాడు. "ఆ బొగ్గు నీకు అప్ప కంటే ఎక్కువైపోనాదేటి?" అందావిడ. "ఆ బొగ్గే అన్నం పెడతంది" అన్నాడు భిలాయి ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ దగ్గర పనిచేసే తమ్ముడు. అంతే, ఆ మాటతో మాటలు ఆగిపోయాయి. వీధి చివర ఎస్టీడీ బూతు ఉంది. పదకొండేళ్ళు దాని ముందు నుంచే డ్యూటీకి వెళ్ళాడు, ఒక్కసారీ లోపలికి వెళ్ళలేదు.

ఇప్పుడు తులసమ్మ ఇంట్లో ఫోను పెట్టించారు. రవిశంకర్ ఉత్తరం రాశాడు. "మావయ్యా, నీకో నంబరుంటే పంపించు. ఆదివారం పది గంటలకి అమ్మ చేస్తానంది. ఒక్కసారే చేస్తాదట."

దుకాణంలో ఇంద్రజ అనే అమ్మాయి ఫారం నింపింది. ఆ కంపెనీ ఫోనులకు సిమ్ములు ఉండవు. నంబరు ఫోను కడుపులోనే ఉంటుంది. పాత యజమాని పేరు తీసేసి కొత్త పేరు ఎక్కించాలి.

"హో గయా అంకుల్. నంబర్ ఈరోజే చాలూ అయి పనిచేస్తుంది. మా ఆద్మీ మీ ఇంటికొచ్చి, మిమ్మల్ని చూసి సైన్ తీసుకుంటాడు. మూడుసార్లు వచ్చినా మీరు కనపడకపోతే లైన్ కట్."

సూర్యారావు బూతు పక్క దుకాణంలో కార్డు కొని, నంబరు రాసి పార్వతీపురానికి పోస్టు చేశాడు. ఇంటికొచ్చి భార్య కుసుమతో, "ఎవడో వస్తాడు, టీ ఇయ్యి" అన్నాడు. చుట్టంలాగ సాయంత్రం వస్తాడనుకున్నాడు. వచ్చేవాడు పొద్దున పదకొండుకు వచ్చాడు. ఆ వేళకి సూర్యారావు ప్లాంటులో, కుసుమ తను పనిచేసే బాలవాడీలో ఉన్నారు.

ఇక్కడ ఆ వీధి ఒప్పందం గురించి చెప్పకపోతే కథ నడవదు. ప్లాంటు క్వార్టర్లలో వెనకగది అద్దెకివ్వకూడదు. అందరూ ఇచ్చారు. తనిఖీకి వచ్చినవాడు ఇంటి మనిషి లేకుండా లోపలికి రాలేడు. అందుకని చంకలో ఫైలు పెట్టుకుని హిందీలో పేరు అడిగే మనిషెవరొచ్చినా, ఆ పేరుగలవాడు ఇక్కడ లేడని చెప్పాలి. ఈ ఒప్పందం కనిపెట్టినవాడు సూర్యారావే. వచ్చినవాడిది ఏ ఆఫీసని అడగడం మాత్రం అందులో లేదు.

మంగళవారం డోర్కాస్ "యహాఁ నహీఁ హై", ఇక్కడ లేడు అంది. బుధవారం ఎదురింటి మణిమాల "గాఁవ్ చలా గయా", ఊరెళ్ళిపోయాడు అంది. గురువారం కూడా ఆ మనిషి ఎండలో చెమటలు కక్కుతూ వచ్చేసరికి డోర్కాస్‌కి విసుగెత్తింది. ఈ పీడ ఒక్క దెబ్బతో వదలాలనుకుంది.

"భయ్యా, ఆయన ఇక రాడు. ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు" అని హిందీలో చెప్పి, కొంగు కళ్ళకద్దుకుంది. ఆ మనిషి టోపీ తీశాడు. ఫైల్లో ఏదో రాసి, సాక్షి సంతకం అడిగాడు. పెట్టేసింది.

సాయంత్రం ఈ ఘనకార్యం విని సూర్యారావు పొంగిపోయాడు. "చెల్లెమ్మా, నన్ను చంపితే చంపీసినావు గానీ, క్వార్టర్ నిలబెట్టీసినావు!"

"ఆ వచ్చినోడు ఫోనోడు కాదు కదా?" అంది కుసుమ.

"ఫోనోడికి ఫైలెందుకే?"

శుక్రవారం పొద్దున ఫోను మూగబోయింది. సూర్యారావు డ్యూటీ దిగి, బొగ్గుమసి మొహంతోనే దుకాణానికి పరిగెత్తాడు. ఇంద్రజ కంప్యూటర్ చూసి, అతని మొహం చూసి, మళ్ళీ కంప్యూటర్ చూసింది.

"అంకుల్, సిస్టమ్‌లో మీరు ఎక్స్‌పైర్ అయిపోయారు."

"నీ ఎదురుగా నిల్చున్నాను కదమ్మా!"

"నాకు దిఖ్‌తా హై అంకుల్, సిస్టమ్‌కి కనపడరు. డెత్ సర్టిఫికెట్ తెస్తే ఆంటీ పేరుమీద చేసేస్తాను."

"నేను బతికున్నట్టు ఫారం లేదేటి?"

"అలాంటిది ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సాక్షి వచ్చి తప్పు చెప్పానని కాయితం మీద లిఖ్‌కే ఇస్తే చూద్దాం."

డోర్కాస్ తల పట్టుకుంది. "అన్నయ్యా, నేను చర్చిలో స్త్రీల సమాజం సెక్రటరీని. అబద్ధం చెప్పానని సంతకం పెట్టి ఇయ్యమంటావేటి?" అయినా మంచి మనిషి. శనివారం వెళ్ళి ఇచ్చింది. సోమవారానికి బతుకుతారని ఇంద్రజ చెప్పింది.

ఆదివారం పది గంటలకు సూర్యారావు ఆ మూగఫోనును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"బూతుకెళ్ళి మీరే చెయ్యొచ్చు కదా" అంది కుసుమ.

"అప్ప చేస్తానంది. మధ్యలో నేను చేస్తే ఏమనుకుంటాది? ఆగలేకపోనాడు అనుకుంటాది."

పది దాటింది, పన్నెండు దాటింది. చీకటి పడుతుండగా ఆగలేక పదకొండేళ్ళలో మొదటిసారి బూతులోకి వెళ్ళాడు. పార్వతీపురంలో ఫోను మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. "కోపం తగ్గలేదు" అనుకుని డబ్బాలో అన్నం పెట్టించుకుని నైటు షిఫ్టుకు పోయాడు.

తగ్గకపోవడం కాదు. పొద్దున నంబరు కలవకపోతే రవిశంకర్ కంపెనీకి ఫోను చేశాడు. ఆ కస్టమర్ చనిపోయాడు, మా సంతాపం అని వాళ్ళు మర్యాదగా చెప్పారు. సూర్యారావు బూతు నుంచి చేసేవేళకు తల్లీకొడుకులు భిలాయికి వచ్చే దుర్గ్ రైల్లో ఉన్నారు.

సోమవారం పొద్దున సూర్యారావు డ్యూటీ దిగి వచ్చాడు. నైటు షిఫ్టు మనిషి పగలు ఎలా పడుకుంటాడో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. వరండాలో మంచం వాల్చి, వెలుతురూ ఈగలూ సోకకుండా తల నుంచి కాళ్ళదాకా తెల్లదుప్పటి కప్పుకున్నాడు. పార్వతీపురం నుంచి వచ్చిన మనిషికి అది తెలియదు. ఆటో దిగిన తులసమ్మ గేటు దగ్గరే ఆ మంచాన్ని చూసింది.

"ఒరే తమ్ముడా!" అని వచ్చి దుప్పటి మీద పడింది. సూర్యారావుకి మెలకువ వచ్చింది. గొంతు గుర్తుపట్టాడు. లేవబోయి ఆగాడు.

"నాకు రోషం, నీకు రోషం, ఏటి బాగుపడ్డామురా! నువ్వు రైలెక్కినప్పుడు నీకోసం కట్టిన అరిసెల మూట నా చేతిలోనే ఉండిపోనాది. వెనక్కి పిలుద్దామనుకున్నాను, పిలవలేదు. ఆ బొగ్గు తిండి పెట్టిందని నాకు తెలీదేటి? నువ్వు పంపిన డబ్బుతోనే కదరా ఆ పెళ్ళి చేశాను."

దుప్పటి కింద సూర్యారావు అయిదు నిమిషాలు కదలకుండా పడుకున్నాడు. పదకొండేళ్ళు వినని గొంతు. తర్వాత లోపలినుంచే మెల్లగా, "నేనైనా ఫోను చెయ్యొచ్చు కదే అప్పా, బూతు పక్కనే ఉంది" అన్నాడు. ఆవిడ కెవ్వుమంది, ఒక్కటి పీకింది, తర్వాత పట్టుకుని ఏడ్చింది.

అదండీ జరిగింది. ఆ అయిదు నిమిషాలు మాత్రం, ఆ మాటలతో సహా, నేను కల్పించినవి. నిజానికి "ఒరే" అనగానే సూర్యారావు దుప్పటి తన్నేసి లేచి కూర్చున్నాడు. బతికున్న తమ్ముణ్ణి చూడగానే తులసమ్మ నోరు మూసేసింది. కాసేపటికి, "ఏటిరా, చచ్చిపోనానని కబురంపి రప్పించుకున్నావా?" అంది. నాలుగు రోజులుంది, పులుసులో ఉప్పెక్కువైందంది, రైలెక్కింది. ఆ ఏడు వానాకాలంలో ఆవిడే నిజంగా చనిపోయింది. ఆ "ఒరే తమ్ముడా" తర్వాత ఏమనబోయిందో ఆవిడ చెప్పలేదు, ఇతను అడగలేదు.

అందుకే సూర్యారావు వచ్చినప్పుడల్లా నా చేత ఈ కథ చెప్పించుకుంటాడు. ఆ అయిదు నిమిషాలూ ఈమధ్య పావుగంట దాటుతున్నాయి.