గొడుగు పట్టిన చెయ్యి

ఆ పొద్దున నాగేశం పెట్టుకున్న పని ఒక్కటే. సిద్దిపేట పోస్టాఫీసుకు వెళ్లి మహానటుడు కళాధర్ స్టాంపు కొనాలి. కుర్రతనంలో కళాధర్ రాజు వేషం వేస్తే, వెనక గొడుగు పట్టింది తనే. స్టాంపు మీద ఆ దర్బారు బొమ్మే వేశారని పేపర్లో వచ్చింది. ఇన్నేళ్లూ ఆ సంగతి చెబితే నవ్వని మనిషి లేడు. ఇవాళ అందరి నోళ్లూ మూయించాలి.

భార్య విమలమ్మ కూరగాయలకు వెళ్లగానే జుట్టుకు రంగు పట్టించి, ఆరేదాకా బాత్రూంలో గడియ పెట్టుకుని కూర్చున్నాడు.

పేపర్ సంగతి నాగేశం నోటే విన్న ఎదురింటి టైలర్ దత్తాత్రి అభిమానం ఆపుకోలేక నాగేశం ఫొటోను వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "మా నాగేశన్న స్టాంపు మీదికెక్కిండు!"

"బతికున్నోళ్లకు స్టాంపు ఎయ్యరు గదా?" అని ఎవరో అడిగారు. ఇంకెవరో ఏమీ అడక్కుండానే దండం పెట్టారు. ఆ తర్వాత అన్నీ దండాలే. అవి చూసి చివరికి దత్తాత్రి కూడా నాగేశం పోయాడని నమ్మేసి, షాపు మూసి పూలదండతో వాళ్లింటికి వచ్చాడు. వెనకే గల్లీవాళ్లూ దండలు తెచ్చారు.

పొలం తగాదాతో మాటలు మానేసిన చెల్లెలు అంజవ్వ పక్క గల్లీ నుంచి గుండెలు బాదుకుంటూ వచ్చింది. "ఓ అన్నా! బంగారమసొంటి మనిషివి! నేనే నోరు పారేసుకుంటినే!"

"గంత పెద్ద కళాకారుణ్ణి మనమే గుర్తువట్టలే," అన్నాడు దత్తాత్రి.

గడియ మీదికి వెళ్లిన నాగేశం చెయ్యి ఆగిపోయింది. అతణ్ణి కళాకారుడన్నవాళ్లు ఇంతవరకూ లేరు. చెవి తలుపుకు ఆనించి, కళ్లు తుడుచుకున్నాడు.

ఇంతలో విమలమ్మ వచ్చింది. దండలు చూసి సంచీ జారవిడిచి కూలబడింది. "పొద్దుగాల మంచిగనే ఉండె గదా!"

ఆ ఏడుపు మాత్రం తట్టుకోలేక నాగేశం తువ్వాలుతో బయటికొచ్చాడు. మొహం మీద నల్లరంగు కారుతోంది.

"చావలేదా?" అంది అంజవ్వ. ఆమె కళ్లు అప్పుడే ఆరిపోయాయి.

"ఉత్తగ షాపు బంద్ చేపిస్తివి గదనే!" అన్నాడు దత్తాత్రి.

"స్టాంపు చూసినంక మాట్లాడున్రి," అని నాగేశం అందరినీ పోస్టాఫీసుకు తీసుకెళ్లాడు.

స్టాంపు మీద కళాధర్ నిండుగా ఉన్నాడు. పైన గొడుగుంది. గొడుగు కర్ర మీద రెండు వేళ్లున్నాయి. ఆ వేళ్ల దగ్గరే స్టాంపు అయిపోయింది.

"గివేనా నువ్వు?" అంది అంజవ్వ. అందరూ పడీపడీ నవ్వారు. దత్తాత్రి గ్రూపులోంచి ఫొటో తీసేశాడు. నాగేశానికి ఏడుపొచ్చింది.

"ఇంటికి పోదాం పా," అంది విమలమ్మ. "టమాటలన్నీ తొక్కిన్రు."

గడియ తీయడంలో తొందరపడ్డానని నాగేశానికి దారంతా అనిపించింది.