నాలుగు ఔన్సుల పరిశోధన

కళాశాల విద్యార్థుల తాగుడును క్రమంగా తగ్గించడంపై దేశంలో ఎక్కడా జరగని పరిశోధన గుంటూరు మిరప పొలాల నడుమ జరగబోతోందని మంత్రిగారు ప్రకటించారు. జిల్లాలో మద్యనిషేధం నూటికి నూరుపాళ్లు అమలవుతున్నందున, తాగుబోతులను ఇక్కడే తేలిగ్గా పట్టుకోవచ్చని ఆయన అభిప్రాయం.

కాలేజీలో నాలుగు వందల పన్నెండు మందికి ఫారాలు పంచారు. నిజం రాసినవారికి ఏ హానీ జరగదని హామీ ఇచ్చారు. నాలుగు వందల పదకొండు మంది ‘తాగలేదు’ అని రాశారు. ఆదాం అనే బి.ఏ. కుర్రవాడు మాత్రం ఇలా రాశాడు: ‘ఒకసారి. పొలంలో దాహమైతే నీళ్లనుకుని తాటికల్లు. ఒక గుక్క. ఉమ్మేశాను.’

పరిశోధనాధికారి చెన్నకేశవరావుగారు ఆ ఫారాన్ని కళ్లకద్దుకున్నారు.

హాస్టల్ వార్డెన్ రోశయ్యగారు పూజ చేయనిదే మంచినీళ్లు ముట్టని మనిషి. ఆయనకో చిన్న సందేహం వచ్చింది.

“ఉమ్మేసినవాడి దగ్గర తగ్గించడానికి ఏముందండీ?”

“అందుకే ముందు పెంచాలయ్యా! రోజుకు నాలుగు ఔన్సుల బ్రాందీ. నెలకో ఔన్సు కోత. అయిదో నెలకు సున్నా. గ్రాఫు దిగాలంటే ఎక్కడో ఓ చోట ఎక్కి ఉండాలా వద్దా?”

“కుర్రాడు ఒప్పుకోకపోతేనండీ?”

“హాల్ టికెట్ ఆపుతాం.”

పర్మిట్ వచ్చింది. సీసాలు, రోజూ కొలిచి కుర్రవాడి చేత తాగించే బాధ్యతతో సహా, వార్డెన్ గదికి చేరాయి. అధికారి వారం వారం వచ్చి సీసా మట్టం కొలుస్తారు. కుర్రవాణ్ణి మాత్రం చూడరు; చూస్తే ఫలితాలు చెడిపోతాయట.

మిరపకాయల తొడిమలు తీసి ఆదాంను చదివిస్తున్న తల్లి రసూల్‌బీ, ఘాటు పట్టిన చేతులతోనే వార్డెన్ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

“నమాజు తప్పని ఇల్లండీ మాది! నిజం రాయమంటే రాశాడు. దానికి తాగమంటారా బాబుగారూ?”

“నీ కొడుకు నోట చుక్క పడదమ్మా. పరీక్షా రాస్తాడు. పూచీ నాది,” అన్నారు రోశయ్యగారు.

పారబోద్దామంటే, పారబోయడం ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కిందికి వస్తుందని సర్క్యులర్ ఉంది. రోశయ్యగారు చాలాసేపు ఆలోచించారు. వేంకటేశ్వరస్వామి పటాన్ని గోడవైపు తిప్పి, ముక్కు మూసుకుని, నాలుగు ఔన్సులూ తానే మింగారు.

రెండో నెలలో పటం తిప్పడం మానేసి, కుర్చీ తిప్పుకున్నారు. మూడో నెలలో మోతాదు రెండు ఔన్సులకు దిగింది. గ్లాసు కడిగిన నీళ్లు కూడా ఆయన పారబోయలేదు. అదీ ప్రభుత్వ ఆస్తే కదా.

అయిదో నెలలో గ్రాఫు సున్నాకు దిగింది. మంత్రిగారు వచ్చి ఆదాంకు దండ వేశారు. హాల్ టికెట్ స్వహస్తాలతో ఇచ్చి, మైకు ముందుకు తోశారు.

“తాగుడెలా మానేశావో చెప్పు నాయనా!”

ఆదాం తల దించుకున్నాడు. “నేనసలు తాగలేదండి.”

అధికారి ముఖం పాలిపోయింది.

“విన్నారా!” అన్నారు మంత్రిగారు గద్గదంగా. “తాగిన సంగతే మర్చిపోయాడు! సంస్కరణంటే ఇదీ!”

చప్పట్లు ఆగలేదు. రసూల్‌బీ కొడుకును పట్టుకుని ఏడ్చింది. ఈ పద్ధతి అన్ని కాలేజీలకూ వర్తింపజేస్తామని మంత్రిగారు ప్రకటించి కారెక్కారు.

రోశయ్యగారు కారు దాకా వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“ఏమయ్యా, నీకేం కావాలి?”

“నాకేం వద్దండీ. శాస్త్రం సంగతి మీకు తెలియనిది కాదు... ఒక్క కుర్రాడితో రుజువైపోయిందంటే లోకం నమ్ముతుందాండీ? మళ్లీ నాలుగు ఔన్సుల నుంచి మొదలుపెడితే బాగుంటుందేమోనని...”