గాడులు తీసిన గొంతు

ఆయుధాల తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు జోగారావు, దాట్ల రంగరాజు గారి ఇంట్లో గోడ వెంట వరసగా నిలబెట్టిన పాత మిలిటరీ తుపాకులన్నిటినీ పరీక్షించి, వాటి గొట్టాలు నిబంధనల ప్రకారం నున్నగానే ఉన్నాయనీ, రంగరాజు గారి గొంతులో మాత్రం గాడులు ఇంకా అలాగే ఉన్నాయనీ తేల్చాడు.

రంగరాజు గారికి కోపం రాలేదు. కొంచెం సిగ్గేసింది. తుపాకుల విషయంలో ఇంత శ్రద్ధగా ఉండే మనిషిని, ఈ సంగతి ఎలా మరిచిపోయానా అనుకున్నారు.

యుద్ధం కోసం తయారైన రైఫిలు గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. గుండు వాటి వెంట గిర్రున తిరుగుతూ బయటికొచ్చి, ఎంత దూరమైనా సూటిగా పోతుంది. యుద్ధాలు అయిపోయాక ఆ రైఫిళ్ళను ఏం చెయ్యాలో తోచక, కొన్నిటి గాడులు తొలిచి నున్నగా చేసి జైళ్ళ దగ్గర కాపలావాళ్ళకు ఇచ్చారు. అప్పట్నుంచి వాటిలో పట్టేది చిన్న చిన్న సీసపు గుళ్ళే. పేలితే అవి నాలుగు వైపులా చెదిరిపోతాయి. పక్కనే ఉన్న కొంగ కూడా ఒక్కోసారి ఏమీ కానట్టు ఎగిరిపోతుంది. పైకి చూస్తే మాత్రం అదే చెక్క, అదే ఇనుము, యుద్ధానికి వెళ్ళొచ్చిన అదే ఠీవి. అలాంటివంటే రంగరాజు గారికి ప్రాణం. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక, పాత జైళ్ళ వేలంపాటలన్నీ తిరిగి, ప్రత్యేక లైసెన్సు మీద ఒక్కొక్కటే పోగుచేశారు. వాటికి నూనె గుడ్డ పట్టిస్తుంటే ఆయన మొహంలో కనిపించే ప్రశాంతత, భార్య సుభద్రాయమ్మ గారికి పెళ్ళిఫొటోలో కూడా కనిపించలేదు.

గొంతు సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన మాట తిరుగుతూ వెళ్ళి ఎవరికి తగలాలో వారికే తగిలేది. ఒకసారి వార్డు సభలో వెనక వరసలోంచి ఆయనన్న మాట మునిసిపల్ కమిషనరుకు సరిగ్గా రొమ్ము మీద తగిలింది. పాపం, ఆయన సెలవు పెట్టి కట్టు కట్టించుకోవలసి వచ్చింది.

“గాడులున్న గొంతూ తుపాకులూ ఒకే ఇంట్లో ఉండకూడదండి రాజుగారూ,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “అదైనా నున్నగా చేయించుకోవాలి, ఇవైనా అప్పగించీయాలి. ఏదో ఒకటి చెప్పీసేరంటే ఎలిపోతాను.”

“ఆలోచించుకోడానికి వ్యవధి ఇవ్వరా?”

“టీ తాగినంత సేపండి. రూల్లో అంతే ఉన్నాది.”

సుభద్రాయమ్మ గారు టీ తెచ్చారు. రంగరాజు గారు కప్పు పట్టుకుని నిజంగానే ఆలోచించారు. ఆ వారంలోనే ఆయన ఒక మాట అనవలసి ఉంది. బాలికల హైస్కూలు ఆటస్థలాన్ని షాపింగ్ కాంప్లెక్సుకు ఇచ్చెయ్యబోతున్నారు. దానిమీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ముందురోజే హెడ్‌మిస్ట్రెస్ మజ్జి వరహాలమ్మ గారు వచ్చి, ఈ వరండాలోనే కూర్చుని అడిగి వెళ్ళారు.

“మేం ఎంత అరిచినా వాళ్ళకి తగలట్లేదండి. మీదొక్క ముక్క చాలు. ఆ స్థలం పోతే మా పిల్లలు పరిగెట్టడానికి ఇంకెక్కడా చోటు లేదు.”

ఆయన మాటిచ్చారు. అనవలసిన వాక్యం కూడా సిద్ధం చేసుకున్నారు.

టీ అడుగంటింది. రంగరాజు గారు గోడవైపు చూశారు. మొదట నిలబెట్టిన రైఫిలు చెక్కమీద ఎవరో సిపాయి మేకుతో గీసుకున్న చిన్న పిట్టబొమ్మ ఉంది. దాన్ని ఇన్‌స్పెక్టరు భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నట్టు ఊహించుకునేసరికి ఆయన లేచి వెళ్ళి దానికి అడ్డంగా నిలబడ్డారు.

“గొంతే నున్నగా చేయించుకుంటానండి,” అన్నారు. “వాక్యం ఎలాగూ ఉంది కదా. గాడులు లేకపోతే మాత్రం మాట మాట కాకుండా పోతుందా?”

“మీలాంటి చదువుకున్నోళ్ళతో ఇదే సుఖమండి,” అని ఇన్‌స్పెక్టరు కప్పు కింద పెట్టాడు.

ఆయుధాల వర్క్‌షాపులో పని తొందరగానే అయిపోయింది. నోరు తెరిచి ‘ఆ’ అనమన్నాడు మిస్త్రీ. గొట్టాలు తొలిచే బోరు కడ్డీ లోపలికి వెళ్ళి రెండుసార్లు తిరిగింది. రేకులో వెండిలాంటి పొట్టు రాలింది.

“పారీమంటారా, ఇంటికి పట్టుకెళ్తారా?”

“పారెయ్యవయ్యా,” అన్నారు రంగరాజు గారు. ఆ మాట మిస్త్రీ దాకా కూడా వెళ్ళలేదు. సగం దారిలోనే మెత్తగా విడిపోయి బల్లమీద పడింది. మిస్త్రీ దాన్ని కూడా పొట్టుతో కలిపి ఊడ్చేశాడు.

ఇంట్లో మార్పు వెంటనే తెలిసింది. “ఏటండీ, మీ మాట ఎంత చల్లగున్నాది!” అన్నారు సుభద్రాయమ్మ గారు. “కూరలో ఉప్పు తగ్గిందన్నారు, నాకు ఎక్కడా గుచ్చుకోనే లేదు.” ఆ పూట ఆవిడ అడక్కుండానే ఇంకాస్త నెయ్యి వేశారు. రంగరాజు గారికి కంటినిండా నిద్ర పట్టింది.

ప్రజాభిప్రాయ సేకరణ సభలో ఆయన అదే వాక్యం చెప్పారు, ఒక్క అక్షరం మార్చలేదు. అది నోట్లోంచి వస్తూనే చెదిరింది. ఒక ముక్క ఫ్యాను రెక్కమీద పడింది. ఇంకొకటి విలేకరి జేబులో పడింది. మరొకటి కాంట్రాక్టరు టీలో పడితే, అతను స్పూనుతో తీసి పక్కన పెట్టుకున్నాడు. వేదిక మీదున్నవాళ్ళందరికీ తలా కాస్త తగిలింది. వేసవిలో చినుకులు పడ్డట్టు హాయిగా ఉందని అందరూ చప్పట్లు కొట్టారు. ఆటస్థలం ఇచ్చెయ్యడానికి అక్కడికక్కడే అనుమతి వచ్చేసింది.

వరహాలమ్మ గారి ఒళ్ళో ‘పిల్లలు’ అన్న మాట పడింది. మిగతా మాటల కోసం ఆవిడ వంగి కుర్చీల కింద వెతికారు. అవి దొరకలేదు.

“ఏటైపోయిందండి రాజుగారూ, మీ మాట?” అన్నారు బయటికొచ్చాక. అన్నది నెమ్మదిగానే. అయినా అది తిరుగుతూ వచ్చి ఆయన రొమ్ములో దిగింది.

“అనాల్సిందంతా అన్నానమ్మా.”

“అన్నారండి. తగల్లేదు.”

ఇంటికెళ్ళి ఆయన ఆ చోట కాస్త వెన్న రాసుకున్నారు.

ఆ తర్వాత ఆయనకు పిలుపులు ఎక్కువయ్యాయి. ప్రారంభోత్సవాలకూ సన్మానాలకూ పిలిచారు. చివరికి జిల్లా కలెక్టరు గారే కారు పంపి బంగళాకు రప్పించుకున్నారు. ఒక పొడవాటి చల్లని గదిలో గోడ వెంట కుర్చీలు వేసున్నాయి. వాటిలో ఒక మాజీ సంపాదకుడు, ఒక మిల్లు యూనియన్ నాయకుడు, ఒక వకీలు శాలువాలు కప్పుకుని నిటారుగా కూర్చున్నారు. గొంతులు ఎండిపోకుండా ఒక నౌకరు అందరికీ చెంచాతో తేనె పడుతున్నాడు.

“ఈయన ఒకప్పుడు ఒక్క కేకతో మిల్లు ఆపేశారు,” అని కలెక్టరు గారు యూనియన్ నాయకుణ్ణి చూపించారు. “ఏదైనా అనండి సార్.”

“దోపిడీ,” అన్నాడు నాయకుడు. అది తివాచీ మీద మరమరాల్లా రాలింది.

రంగరాజు గారు దగ్గరికెళ్ళి పరిశీలనగా చూశారు. నాయకుడి పిడికిలి ఇంకా పాత పద్ధతిలోనే బిగించి ఉంది. సంపాదకుడి వేళ్ళకు సిరా మరక అలాగే ఉంచారు. మెరుగు ఎక్కడా ఎక్కువ పెట్టలేదు.

“ఇంత మంచి సేకరణ నేనెక్కడా చూడలేదండి,” అన్నారు మనస్ఫూర్తిగా.

ఆయనకు చూపించిన కుర్చీ కొలత తీసి చేసినట్టు సరిపోయింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

“ఆడవాళ్ళు ఎవరూ లేరేమండి?”

“అదే నాకు లోటండి,” అని కలెక్టరు గారు నిట్టూర్చారు. “మంచివి దొరకడంలేదు. మీకు తెలిసి ఎవరైనా ఉన్నారా?”

సేకరించేవాళ్ళ బాధ సేకరించేవాళ్ళకే తెలుస్తుంది. రంగరాజు గారు వరహాలమ్మ గారి పేరూ, స్కూలు పేరూ చెప్పారు. చాలా మేలైన గొంతనీ, మిస్త్రీని తొందరపడకుండా నిదానంగా తొలచమనాలనీ మరీ మరీ చెప్పారు. ఆ ఎండలో, ఆ బాధంతా గొంతులో పెట్టుకుని ఆవిడ ఒక్కతే ఆఫీసుల చుట్టూ తిరగడం ఆయనకు ఎప్పట్నుంచో కష్టంగానే ఉంది.

నౌకరు తేనె పట్టాడు. రంగరాజు గారు చప్పరించి మింగి, భుజం మీది కండువా తీసి పక్క కుర్చీ మీద దుమ్ము తుడిచారు.