తేనెకొండ బడికి కౌన్సెలరమ్మ వచ్చింది

ఒక పెద్ద అడవిలో పెద్దలందరికీ ఒకేసారి ఒక జబ్బు పట్టుకుంది. తమ పిల్లలు తేనెకొండ ఎక్కాలి. కొండమీది తేనెపట్టు కోసుకొచ్చిన పిల్లకి సింహం కొలువులో ఉద్యోగమట. అంతే, కుందేలు పిల్లా కొండెక్కాల్సిందే, తాబేలు పిల్లా కొండెక్కాల్సిందే.

ఆ జబ్బు కనిపెట్టి దుమ్ములగొండి కొండ కింద బడి పెట్టింది, హాస్టలుతో సహా. దానికి పుట్ట ఎక్కడం కూడా రాదు. బడి పెట్టడానికి తనకి ఎక్కడం రావాలా ఏం? ఎక్కించడం వస్తే చాలదూ! తేనెపట్టు తెచ్చిన పిల్లల బొమ్మలు దారిపొడుగునా చెట్లకి వేలాడదీసేది. జారిపడ్డ పిల్లలకి బొమ్మలు లేవు.

ఆ జారిపడ్డవాళ్ళ తల్లులు వెళ్ళి కొలువులో ఏడిస్తే, సింహం హుకుం జారీ చేసింది. "ప్రతి బడిలోనూ పిల్లల గోడు వినడానికి ఒక కౌన్సెలర్ ఉండాలి. ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు."

"వినడానికట!" అంది దుమ్ములగొండి, ప్రిన్సిపాలు నెమలి వైపు తిరిగి. "వినడానికి ఏం కావాలయ్యా?"

"చెవులండి."

అలా చెవులు కొలిచి మరీ గాడిద బరువులమ్మకి ఉద్యోగమిచ్చారు. ఏనుగు కూడా వచ్చింది గానీ, దానికి మేత ఎవడు పెడతాడన్నారు.

బరువులమ్మ ఘాటుదారిలో మూటలు మోసి మోసి వీపు అరిగిపోయిన గాడిద. నీడపట్టున కూర్చుని పిల్లల మాటలు వినడం కూడా ఉద్యోగమేనా అని నోరెళ్ళబెట్టింది. తనకో గది! తలుపు మీద తన పేరు! చదవడం రాకపోయినా ఆ అక్షరాలని మూతితో తడిమి చూసుకుంది.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు.

"కూర్చునే ఉన్నావుగా, గంట కొట్టు," అంది నెమలి.

"ఊరికే ఉన్నావుగా, నాలుగు బిందెలు నీళ్ళు మోసుకురా," అంది వంట చేసే కొండముచ్చు.

"గేటు దగ్గర కాపలా ఉండు. పిల్లలు పారిపోతుంటే ఆ చెవులకి అలికిడి తెలుస్తుంది," అంది దుమ్ములగొండి.

పిల్లల గోడు వినాల్సిన చెవులు వాళ్ళని పట్టుకోవడానికి పనికొచ్చాయి. ఇంతకన్నా వింత ఉంటుందా! బరువులమ్మ మాత్రం అన్నిటికీ "అలాగేనండి" అంది. వీపు మీద ఏది పెడితే అది మోయడమే దానికి తెలిసిన మర్యాద.

ఒకనాడు నీళ్ళబిందెలతో వస్తుంటే నీటికుక్క పిల్ల గవ్వడు అడ్డొచ్చాడు. ఈదడానికని దేవుడు వేళ్ళ మధ్య తోలు కుట్టి ఇచ్చిన కాళ్ళు. రాళ్ళు గీరుకుని ఆ తోలంతా పచ్చి పుండు.

"అత్తా, మా మాటలు వినేది నువ్వేనా?"

"నేనే నాయనా. ఈ బిందెలు దింపేసి వస్తా, ఉండు."

బిందెలు దింపేసరికి గంట కొట్టే వేళయింది. గంట కొట్టేసరికి గేటు వేళయింది.

"రేపు వింటాలే నాయనా."

"రేపు కొండ పరీక్ష కదత్తా."

"పరీక్షకి ముందే రా. మొట్టమొదట నీదే వింటా."

మర్నాడు తెల్లారేసరికి బరువులమ్మ గది అలికి ముగ్గేసి ఉంది. "మాకే బాధా లేదండీ" అని పిల్లలందరి చేతా వల్లెవేయించింది నెమలి. ఇన్‌స్పెక్టరు ఎలుగుబంటి వచ్చి, పిల్లలు కూర్చోవాల్సిన పీట మీద తానే చతికిలబడింది.

"ఏదీ, ఎలా వింటావో చూపించు."

"చెప్పండయ్యా," అని బరువులమ్మ చెవులు ముందుకి వాల్చింది.

పాపం, ఎలుగుబంటిని ఆ మాట ఎవరూ ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు. "నాకేముంది చెప్పడానికి" అని మొదలుపెట్టి, ఇక ఆపలేదు. పైవాడు తిడతాడట. ఇంట్లో పూచికపుల్ల విలువ లేదట. "ఎలుగుబంటినై పుట్టి తేనెటీగలంటే భయపడి చస్తున్నానమ్మా!" అని బావురుమంది.

గుమ్మంలో గవ్వడు నిలబడి ఉన్నాడు. "అత్తా..."

"పెద్దవాళ్ళ మధ్య నీకేం పనిరా?" అని కసిరి, అదే గుమ్మంలో నెమలి నిలబడింది. ఈకలు రాలిపోతున్నాయని దాని దిగులు. దాని వెనక కొండముచ్చు. ఇద్దరినీ తోసుకుని దుమ్ములగొండి. "యజమానిని నేను, ముందు నా గోడు వినాలి! ఈ పిల్లల కోసం ఎంత నలిగిపోతున్నానో నీకేం తెలుసు?"

"మరి పిల్లలవండీ?" అంది బరువులమ్మ.

"వాళ్ళకేం బాధలే? తిండి పెడుతున్నాంగా!" అన్నారంతా. ఎలుగుబంటి ముక్కు చీదుకుంటూ తలూపింది.

ఇంతలో గవ్వడు దుమ్ములగొండి కాళ్ళ సందున దూరి లోపలికొచ్చాడు. మళ్ళీ గెంటేస్తారేమోనని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు.

"నాకు కొండెక్కడం కొంచెం వచ్చిందత్తా. పైనుంచి చూస్తే మా ఏరు కనబడుతుంది. చేతులు వదిలేస్తే చాలు, ఇంక ఎప్పుడూ ఎక్కక్కర్లేదనిపిస్తుంది. ఇవాళ వదిలేస్తానేమోనని భయమేస్తోందత్తా."

ముందుగా తేరుకున్నది దుమ్ములగొండే. పళ్ళికిలించి నవ్వింది. "పరీక్ష ఎగ్గొట్టడానికి వేషాలండీ. కౌన్సెలరమ్మా, నాలుగు ధైర్యం మాటలు చెప్పి ఎక్కించు."

ఈసారి "అలాగేనండి" అనే మాట బరువులమ్మ గొంతు దాటలేదు.

"నిన్న చెప్పబోయింది ఇదేనా నాయనా?"

గవ్వడు తలూపాడు. నేను మాత్రం బిందెలు మోశాను, అనుకుంది బరువులమ్మ. ముందుకాళ్ళు మడిచి వంగింది.

"నా వీపెక్కు. ఇవాళ నువ్వు ఎక్కాల్సింది ఇంతే."

గేటు దగ్గర ఆపేవాళ్ళెవరు? కాపలా గాడిదే వెళ్ళిపోతుంటే! వెనకే కుందేళ్ళూ, తాబేళ్ళూ, ముళ్ళపందులూ బిలబిలమంటూ నడిచాయి. ఏటి ఒడ్డు చేరగానే గవ్వడు వీపు మీంచి నీళ్ళలోకి దూకాడు. ఎన్నాళ్ళకో ఒక చేప పట్టి, ఒడ్డున కూర్చుని తలతో సహా తినేశాడు.

కబురు తెలిసి కన్నవాళ్ళు కర్రలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "తీసుకెళ్దురుగాని, ముందు వాళ్ళు చెప్పేది వినండి," అని దారికి అడ్డంగా నిలబడింది బరువులమ్మ. గవ్వడి తల్లి విన్నది. విన్నాక కొడుకు పుండ్లు నాకుతూ అక్కడే కూలబడింది. మిగతావాళ్ళకి కూడా కొండ వైపు కాళ్ళు సాగలేదు.

అక్కడ బడిలో ఎలుగుబంటి, హుకుం ప్రకారం, గదిగదీ తిరిగి చూసింది. ఏడ్చే పిల్ల ఒక్కటీ కనబడలేదు. కడుపారా ఏడ్చి వచ్చిందేమో, దాని ప్రాణం కూడా హాయిగా ఉంది. అడవి మొత్తానికీ ఇదే ఉత్తమ పాఠశాల అని ప్రకటించి, దుమ్ములగొండి మెడలో పతకం వేసి చక్కా పోయింది. ఆ పతకం వేసుకుని దుమ్ములగొండి ఇప్పటికీ ఖాళీ బడి ముందు నిలబడి, వచ్చేపోయే తల్లులని చేతులూపి పిలుస్తూనే ఉంది.

నీతి: పిల్లలెవరూ ఏడవని బడి కావాలంటే, ముందు పిల్లల్ని ఇంటికి పంపెయ్యాలి.