ముక్కుకి విశ్రాంతి

తమ్ముడి బ్యాగు సర్దుతుంటే అక్క కళ్ళు చెమ్మగిల్లాయి, బావ మొహం వెలిగిపోయింది. నాలుగు రోజులుండి పోతానని వచ్చిన బావమరిది రెండేళ్ళుగా ముందు గదిలో పాతుకుపోయాడు. ఇవాళ పొరుగూళ్ళో సబ్బుల ఫ్యాక్టరీలో వాసన చూసే ఉద్యోగానికి పరీక్ష. నెగ్గితే మకాం అక్కడికే.

బావ మెడికల్ కాలేజీలో లెక్చరర్. ఇలాంటి అవకాశాన్ని చేజారనిచ్చే మనిషి కాడు.

"వాసన పట్టే కణాలు ముక్కు లోపల పైకప్పులో, తపాలాబిళ్ళంత చోట్లో ఉంటాయి. ఊరికే వాసనలు తగుల్తుంటే అలిసిపోతాయి. పరీక్షయ్యేదాకా వాటికి విశ్రాంతి!" అని ప్రకటించాడు.

కాఫీ రద్దయింది. వంట రద్దయింది. తలకి రాసుకున్న నూనె కడుక్కోమని అక్కని తరిమి, సబ్బు మాత్రం దాచేశాడు. పక్కింటావిడ ఉల్లిపాయలు వేయిస్తుంటే వెళ్ళి స్టవ్వు ఆపేశాడు.

"మీ ఇంట్లో ఎవరైనా పోయారా అన్నయ్యగారూ?" అందావిడ కంగారుగా.

"పోతున్నాడమ్మా. దయచేసి పోనివ్వండి!"

బస్సులో ఎవరో సిగరెట్టు ముట్టించగానే, తోడొచ్చిన బావ దూది తీసి బావమరిది ముక్కులో కుక్కేశాడు.

"బావా, ఊపిరాడట్లేదు!"

"నోటితో పీల్చు. అదున్నది తినడానికేనా?"

ఫ్యాక్టరీలో దూది లాగేసరికి ముక్కు ఎర్రబడి కుళాయిలా కారసాగింది. లోపలి పొర ఉబ్బి, గాలి పైకప్పు దాకా వెళ్ళే దారి మూసుకుపోయింది. పరీక్ష పెట్టే మేడమ్ మొదటి సీసా మూత తీసింది.

"నీళ్ళండీ," అన్నాడు బావమరిది.

రెండోది తీసింది.

"ఇవీ నీళ్ళేనండీ."

వెనక నిలబడ్డ బావ ఇక ఆగలేకపోయాడు. "నిమ్మరా దద్దమ్మా! అడుగున కాస్త లవంగం!"

మేడమ్ కళ్ళజోడు సవరించుకుంది. "మీరెవరు?"

"వీడి బావనండీ."

"మీరొచ్చి కూర్చోండి."

పొద్దుటినుంచి కాఫీ, సబ్బు, వంట వాసన తగలని ముక్కు కదా, ఎదురుగా పెట్టిన సీసాలన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు.

"ఉద్యోగం మీకే. క్వార్టర్స్ కూడా ఇస్తాం. ఒక్కటే షరతు. ఇంట్లో వాసనలు పెరగకూడదు. భార్యాభర్తలు తప్ప ఇంకెవరూ ఉండటానికి వీల్లేదు. చుట్టాల్ని అసలు ఒప్పుకోం," అంది మేడమ్.

బావ రెండు చేతులూ జోడించాడు. "ఆ ఆఖరి మాట ఇంకోసారి చెప్పండి మేడమ్," అన్నాడు.

బావమరిది ఆ సాయంత్రమే ముందు గదికి తిరిగొచ్చాడు. పై సోమవారం పొద్దున క్వార్టర్స్‌కి వెళ్ళిన అక్కాబావలు మాత్రం ఆ ఇంటికి మళ్ళీ రాలేదు.